కరెంటు ఖర్చు సున్నా

ఆ రోజుల్లో నా కంటికి లోకంలో రెండే జాతులు కనిపించేవి: చెప్పిన ధర ఇచ్చేసే అమాయకులు, ఇవ్వనివాళ్లు. మొదటివాళ్లను చూస్తే జాలి. రెండోవాళ్లలో నేను ముందు వరుసలో ఉన్నానని నమ్మకం. ఆ రోజులంటే మరీ పాత రోజులేం కావు, ఐదారేళ్ల కిందటి మాట. నాకు ముప్పై నిండలేదు, కొత్తగా పెళ్లయింది, మీసం కూడా బేరమాడి పెంచినట్టు పల్చగా ఉండేది. సిగ్గుపడటం ఇంకా నేర్చుకోలేదు. అది నేర్పింది ఒక ఎలక్ట్రిక్ కారు.

సికింద్రాబాద్ బజారులో మా నాయనది స్టీలు సామాన్ల దుకాణం. గోడకు అవతల గాజుల మామ దుకాణం. (మాకు చుట్టమేమీ కాదు. ముప్పై ఏళ్లుగా ఒకే గోడకు అటొకరు ఇటొకరు వీపు ఆనించి కూర్చుంటే బావా అనుకోక ఇంకేమనుకుంటారు?) దుకాణదార్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంటుంది: సొంత దుకాణం నుంచి ఇంటికొచ్చిన వస్తువు ఖర్చు కిందికి రాదు. మా ఇంట్లో ఎవరూ స్టీలు గ్లాసు కొని ఎరగరు, అది చెట్టుకు కాసినట్టు వచ్చేది. మా అక్కల చేతులకు గాజులు గోడ అవతలి నుంచి వచ్చేవి, మామ ఇంటికి టిఫిన్ డబ్బాలు ఇవతలి నుంచి పోయేవి. బయటివాడితో ఐదు రూపాయల కోసం అరగంట కొట్లాడే మనుషులం, సొంత గల్లాపెట్టె దగ్గరికి వచ్చేసరికి కూడికలు మర్చిపోతాం. ఆ జబ్బు నాకు పాలతోనే వచ్చింది.

దుకాణంలో కూర్చోనని మొండికేసి చదువుకున్నాను. పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో కొనుగోళ్ల విభాగంలో చేరాను. (అమ్మేవాళ్ల ఇంట పుట్టి కొనేవాళ్ల కొలువులో చేరడం మా నాయన దృష్టిలో పార్టీ మారడమే.) కాపురం అల్వాల్‌లో. పోను, రాను కలిపి ఎనభై కిలోమీటర్లు. నా పాత కారు రోజూ అయిదు లీటర్ల పెట్రోలు తాగేది. బంకు దగ్గర మీటరు మీద అంకెలు పరుగెత్తుతుంటే నా ఒంట్లోంచి ఎవరో రక్తం తీస్తున్నట్టుండేది. అక్కడ బేరం లేదు, అదే అసలు బాధ. ‘అన్నా, జెర తగ్గించుకో’ అనడానికి పంపుకు చెవులుండవు.

అందుకని ఎలక్ట్రిక్ కారు లెక్క మొదలుపెట్టాను. కారు ధర ఎక్కువ, నడిపే ఖర్చు తక్కువ. దూరం ఎంత ఎక్కువైతే అంత తొందరగా ఆ తేడా తిరిగొస్తుంది, కాబట్టి నాబోటి దూరప్రయాణికుడికి గిట్టుబాటు కావాలి. అయితే అదంతా కరెంటు ఎక్కడ పెట్టుకుంటామన్న దాని మీద ఆధారపడి ఉంది. ఇంట్లో పెట్టుకుంటే లాభం. బయట చార్జింగ్ స్టేషన్లలో పెట్టుకుంటే ఆ లాభం సగానికి సగం వాళ్లకే పోతుంది. కింద ఒక ప్లగ్గు పెట్టుకుంటానని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీని అడిగి కాదనిపించుకున్నాను. “ఇయ్యాల నీ కారుకు ప్లగ్గిస్తే, రేపు ఇంకొకాయన పిండి గిర్నీ పెట్టుకుంటనంటడు,” అన్నాడాయన. లెక్క అక్కడ ఆగిపోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు స్నానం చేస్తుంటే దుకాణం వెనక తలుపు గుర్తొచ్చింది.

సామాను ఆటోలు దింపుకోవడానికి మా దుకాణం వెనక చిన్న సందు ఉంది. ఒక కారు పడుతుంది. తలుపు పక్కన ఒక పవర్ ప్లగ్గు పెట్టిస్తే చాలు. దుకాణం మనదే కాబట్టి కరెంటు ఖర్చు సున్నా. ఆ సున్నా వేసి చూస్తే లెక్క ఎంత అందంగా వచ్చిందంటే, షోరూంలో ధర తగ్గదని చెప్పినా మూడు ఆదివారాలు వరసగా వెళ్లి, కాళ్ల కింద పట్టాలూ ఒక గొడుగూ పిండుకుని కారు తెచ్చేశాను. ప్లగ్గు సంగతి నాయనను అడిగితే, “దుకాణం నీది గాదారా, నన్నడుగుతవేంది?” అన్నాడు. అని, ఎలక్ట్రీషియన్‌కు తనే డబ్బులిచ్చాడు. (అదీ లెక్కలో వేయలేదు.)

ఇక్కడో చిన్న విషయం ఉంది. దుకాణం నాకు దారిలో లేదు. ఉచిత కరెంటు కోసం రోజూ బజారు రద్దీలోకి అడ్డంగా దూరి, సగం దారి బ్రేకు మీద కాలేసుకుని వచ్చేవాణ్ణి. కారు రోజంతా తాగినది తిరిగి నిండాలంటే ఆ ప్లగ్గు మీద నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ ఎక్కడికి పోను? దుకాణంలో కూర్చునేవాణ్ణి. చదువు అయిపోయాక నేను ఆ దుకాణంలో పట్టుమని పది నిమిషాలు కూర్చున్నది లేదు. ఇప్పుడు సాయంత్రం కాగానే దిగిపోయి, దుకాణం మూసేదాకా కదలను.

మా నాయన మొదటి వారం ఏమీ అనలేదు. రెండో వారం నా కోసం మెత్త వేసిన కొత్త స్టూలు వచ్చింది. ఆ తర్వాత చాయ్ రెండు చెప్పడం మొదలైంది. నేనూ ఖాళీగా ఉండలేక గిరాకీలతో మాట్లాడేవాణ్ణి. ఒకరోజు ఒకావిడ ఇడ్లీ కుక్కర్ ధర ఎక్కువంటే, పొద్దంతా ఫ్యాక్టరీలో చేసే పని అలవాటుగా నోటికొచ్చేసి, “అవును నాయినా, రేకు గింత పల్చగుంది, ఈ ధరెట్ల పెట్టినవ్?” అన్నాను. ఆవిడ సంతోషంగా నావైపు వచ్చి నిలబడింది. నాయన కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. “నువ్వు ఏ దిక్కురా?” అన్నాడు. ఆవిడకు కుక్కర్ చవగ్గానే దొరికింది.

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నేను ఒక గురువునైపోయాను. దూరం నుంచి వచ్చేవాళ్లంతా పళ్లేలు పట్టుకొని నా బల్ల చుట్టూ చేరేవారు. గిట్టుబాటవుతుందా అని అడిగితే, మూతి తుడుచుకొని, “కరెంటు సున్నా,” అనేవాణ్ణి. ఎలాగని అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ణి. వ్యాపార రహస్యం కదా.

ఒక సాయంత్రం సందులో వైరు తగిలిస్తుంటే గాజుల మామ వచ్చి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన గొంతు మామూలుగా బజారంతా వినిపిస్తుంది, ఆ రోజు తగ్గించాడు.

“ఒక మాటడుగుతా, నిజం చెప్పాలె. నువ్వు దుకాణంల కూసుంటవా? ఉత్తగనే వస్తున్నవా?”

“ఎందుకు మామా?”

“మీ నాయిన మోకాళ్ల నొప్పులతోని పరేషాన్ అయితుండు గదా. దుకాణం నాకిచ్చేస్తనన్నడు. గోడ తీసేసి ఒక్కటే జేస్కుందామనుకున్న. మాట గూడ అయింది. ఇప్పుడేమో, ‘పిలగాడు వస్తుండు గద బావా, ఎట్ల ఇస్త?’ అంటుండు. నువ్వు కూసునేటట్లుంటే మంచిదే, నాకు ఖుషీ. లేకుంటే జెప్పు, సామాన్లు దించనీకి ఆయనను ఇంక నిచ్చెనలు ఎక్కియ్యకు.”

నేను అప్పుడే చెప్పేయాల్సింది. నాకు దుకాణం వద్దు మామా, ప్లగ్గు కావాలి అని. కానీ నా బుర్ర ఏం చేసిందో తెలుసా? దుకాణం పోతే ప్లగ్గు పోతుంది, ప్లగ్గు పోతే సున్నా పోతుంది, సున్నా పోతే కారు ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో అక్కడికక్కడే లెక్క వేసింది. మా నాయన మోకాళ్లు ఆ లెక్కలో ఎక్కడా లేవు. “చూద్దాం మామా,” అన్నాను. కొనడం ఇష్టం లేని గిరాకీ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అనే మాట అది. మామకూ తెలుసు. తన దుకాణంలోకి వెళ్లిపోయాడు.

తర్వాత కొద్ది రోజులకే నాకు సిగ్గు నేర్పిన ఆ సాయంత్రం వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్ నుంచి ఒక కుటుంబం, ముసలావిడతో సహా, గృహప్రవేశానికి సామాన్లు కొనడానికి వచ్చారు. పెద్ద బేరం. గుండిగలు, పళ్లేలు, బిందెలు నేలంతా పరిచి ఉన్నాయి. నాయన ముఖం పెళ్లివారిల్లులా ఉంది. “ధరలు మా పిలగాడు చెప్తడమ్మా. ఇప్పుడు దుకాణమంత ఆయనే చూస్కుంటుండు,” అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

చీకట్లో అందరూ అయ్యో అన్నారు. నా జేబులో ఫోను కుయ్యిమంది, చార్జింగ్ ఆగిపోయిందని. అంతే, నా కాళ్లు వాటంతట అవే లేచాయి. కరెంటు లేకుంటే ఇక్కడ నాకేం పని? పళ్లేల మధ్య తడుముకుంటూ, రెండు తన్ని చప్పుడు చేసుకుంటూ వెనక్కి పోయి, వైరు పీకి, చుట్టలు చుట్టి భుజాన వేసుకుని మళ్లీ లోపలికి వచ్చాను. “నాయినా, కరెంటు పోయింది. నేనిగ పోతున్న,” అన్నాను, ఏ తప్పూ లేనట్టు.

అప్పటికి ఆ కుటుంబం వాళ్లు ఫోన్లలో లైట్లు వెలిగించారు. నాలుగు లైట్లూ నా మీదే పడ్డాయి. ముసలావిడ నన్ను, నా భుజం మీది వైరును చూసి, “వచ్చాడా కరెంటతను? ఎంతసేపు పడుతుంది బాబూ?” అని అడిగింది.

నవ్వాల్సిన చోటే. ఎవరూ నవ్వలేదు. నాయన చేతిలో ఒక బిందె ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

“హా అమ్మా,” అన్నాడు. “కరెంటు కోసం వచ్చిన పిలగాడే.”

తర్వాత నావైపు తిరిగి, “జెర చూస్కుంట పో బిడ్డా. సందుల చీకటున్నది,” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. వైరు కింద పడేసి స్టూలు మీద కూర్చుని ఉంటే ఇంకా బాగుండేది. నేనేమో పోయాను. అల్వాల్ దాకా ఏసీ వేయలేదు, పాట పెట్టలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. (ఆమెది తెనాలి. ధర అడిగితే సంచీ తెరిచే అమాయకుల జాతి. అంతకు మునుపు అలా అనుకునేవాణ్ణి.) అంతా విని, “మామయ్యగారి కరెంటు బిల్లు మీ లెక్కలో ఎక్కడేశారండీ?” అంది.

“అది మన దుకాణమేగా.”

“మన దుకాణమైతే చీకట్లో వదిలేసి ఎందుకొచ్చేశారు మరి?”

నా జీవితంలో ఇంత తక్కువ మాటల్లో నన్ను ఎవరూ ఓడించలేదు.

మర్నాడు ఫ్యాక్టరీ దారిలో ఉన్న చార్జింగ్ స్టేషన్‌లో, అడిగినంతా ఇచ్చి, కారు నింపుకున్నాను. సాయంత్రం బజారుకు వెళ్లాను. నాయన నా చేతుల వైపు చూశాడు.

“వైరేది?”

“బండి నిండింది నాయినా.”

“మరిగ ఎందుకొచ్చినవ్?”

స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి, నాకు దుకాణం నడపడం చేతకాదని, మామ నాతో మాట్లాడాడని, అప్పుడే నిజం చెప్పాల్సిందని తలవంచుకుని చెప్పాను. ఆయన పాత గుడ్డతో ఒక పళ్లెం తుడుస్తూ విన్నాడు.

“నువ్వు నడుపుతవని ఎవరన్నరురా? నీ తీరుగ ధరలు చెప్తే దీపావళి లోపల షట్టర్ పడ్తది.”

“మరి మామకెందుకు ఇయ్యనన్నవ్?”

“గిరాకీ దేనికొస్తుండో దుకాణపోనికి తెల్వదా? ప్లగ్గు కొరకు వస్తున్నవని మొదటి రోజే ఎరుక. దుకాణం ఇచ్చేస్తే ప్లగ్గు సుత పోతది గదా.” పళ్లెం దీపానికి ఎత్తి మరక చూశాడు. “నిన్న గా కరెంటు పిలగాడు ఒక్క పది నిమిషాలన్న ఆగుతడనుకున్న.”

ఆయన చాయ్ చెప్పాడు. ఆ రోజు కూడా రెండే.

దుకాణం మామకు ఇచ్చే బేరం నేనే కూర్చుని చేశాను. నా ఉద్యోగంలో కూడా అంత బాగా వాదించలేదు. మామ దస్తీతో నుదురు తుడుచుకుంటూ, “బావా, వీణ్ణి జెర ఆపు,” అనేదాకా వచ్చింది. అప్పుడు నాయన కల్పించుకున్నాడు.

“ధర నువ్వన్నదే ఉండనీ బావా. గానీ నాకు రెండు కావాలె. సాయంత్రం కూసోనీకి ఒక స్టూలు. వెనక దర్వాజ కాడ ఆ ప్లగ్గు.”

మామ ఆలోచించి, “స్టూలు ఎన్నైనా ఏస్కో. ప్లగ్గు బిల్లెవరు కడ్తరు?” అన్నాడు.

ఇద్దరూ నావైపు చూశారు. నేను నోరు తెరిచి, మూసి, “నేనే కడ్తా మామా,” అన్నాను. నా జీవితంలో బేరానికి వీలుండీ బేరమాడకుండా ఒప్పుకున్న మొదటి ధర అది. ప్లగ్గుకు విడిగా ఒక చిన్న మీటరు పెట్టించాడు మామ. (దుకాణం కరెంటు ఇంటి కరెంటు కంటే ఖరీదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నా సున్నా వెనక ఉన్న అంకె అది.)

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ కింద వరసగా చార్జింగ్ ప్లగ్గులున్నాయి. సెక్రటరీకి కూడా ఒక ఎలక్ట్రిక్ కారుంది. పిండి గిర్నీ మాట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. కొత్తగా చేరిన పిల్లలు క్యాంటీన్‌లో నా దగ్గరికొచ్చి, దూరం నుంచి వచ్చేవాళ్లకు ఈ కారు గిట్టుబాటవుతుందా అని అడుగుతారు. అవుతుంది బాబూ, రోజూ తిరిగే దూరం ఉంటే, ఇంట్లో సొంత ప్లగ్గుంటే, ఏడెనిమిదేళ్లు అదే కారు వాడేటట్టయితే. ఎవరి కరెంటు తాగుతున్నావో చూసుకో అని ఒక మాట కలుపుతాను. వాళ్లు అర్థంకాక తలూపుతారు.

నేను ఇప్పటికీ సాయంత్రాలు బజారుకు అడ్డంగా దూరి వస్తాను. ఫ్యాక్టరీలో కూడా ఈ మధ్య ప్లగ్గులు పెట్టారు కనుక కారు నిండుగానే ఉంటుంది. అయినా సందులో పెట్టి, మామ ప్లగ్గుకు వైరు తగిలిస్తాను. తగిలించిన మరుక్షణమే నిండిందని పచ్చదీపం వెలుగుతుంది. దాన్ని వీపుతో అడ్డుకుని, తలుపు దగ్గరగా వేసి లోపలికి వస్తాను. అప్పటి ఆ పల్చని మీసంవాడు చూస్తే నన్ను ఏ జాతిలో వేసేవాడో నాకు తెలుసు.

“నిండిందారా?” అని స్టూలు మీది నుంచి అడుగుతాడు నాయన.

“ఇంక జెర టైం పడ్తది నాయినా.”

ఆయన వెనక తలుపు వైపు ఒకసారి చూసి, చాయ్ రెండు చెప్తాడు.