చామనఛాయ మానిటరు, చిలకపచ్చ గోడలు

రెండు వేల ఏడు వేసవి చివర్లో ఏలూరులోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో నేను ప్రీ-ప్రెస్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. కాగితం యంత్రం మీదికి ఎక్కేలోపు జరిగే పనంతా ప్రీ-ప్రెస్ కిందికే వస్తుంది. ఫొటోలు సరిచేయడం, పేజీ కట్టడం, రంగుల్ని నాలుగు సిరాలుగా విడగొట్టడం, ప్రూఫు తీయడం, ప్లేట్లు చేయించడం. నా కింద ఇద్దరు డీటీపీ ఆపరేటర్లు ఉండేవారు, నా పైన నేరుగా యజమాని భాస్కరరావు గారే. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చి వెళ్లేవాణ్ణి. ఆ వేసవిలో ఆయన నాకు రెండు పనులు ఒకేసారి అప్పజెప్పారు. ఒకటి, ప్రెస్సుకు కొత్త మానిటరు ఎంచడం. రెండోది, దాని మీద మొదటి పనిగా చేపల మొప్పల చార్టు తయారు చేయడం.

అప్పటిదాకా మాకు మంచి మానిటరు అవసరం రాలేదు. మేం వేసేవి పెళ్లి కార్డులు, చర్చి మహాసభల పోస్టర్లు, చేపల మేత కంపెనీల క్యాలెండర్లు. వాటిలో రంగు ఎంత జిగేల్‌మంటే అంత సంతోషం. పెళ్లికూతురి చీర అసలు రంగుకన్నా ఎర్రగా వచ్చిందని ఎవరూ తగాదాకు రాలేదు. మా పాత గాజుబుడ్డి మానిటరు వయసుడిగి అన్నిటినీ పసుపుగా చూపించేది. అందుకని తెరను నమ్మకుండా అంకెల్ని నమ్మేవాళ్లం. ఏ రంగులో ఏ సిరా ఎంత పాలు పడుతుందో చూపే అచ్చు రంగుల పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని, దాన్నిబట్టి లెక్క వేసేవాళ్లం. అంకెలకు వయసు మీదపడదు కదా.

చార్టు పని తెచ్చినావిడ సుజాత గారు. ఆకివీడులో నీళ్లు, చేపలు పరీక్షించే చిన్న ల్యాబు నడిపేవారు. మిషను స్కూలు టీచరుగారి అమ్మాయి. చుట్టుపక్కల చెరువుల వాళ్లందరికీ ఆవిడ చేపల డాక్టరమ్మ. వారానికోసారి రైతు వల వేసి నాలుగు చేపలు పట్టి, మొప్ప మూత ఎత్తి రంగు చూస్తాడు. మంచి ఎరుపైతే చేప బాగున్నట్టు. వెలవెలబోతే రక్తం తగ్గినట్టు. కాఫీ రంగుకు తిరిగితే నీళ్లు చెడినట్టు. ఈ తేడాలను వరసగా గడుల్లో ఫొటోలతో అచ్చువేసి, గట్టు మీదే చేపను పక్కన పెట్టి పోల్చుకునేలా చేయాలన్నది ఆవిడ ఆలోచన.

ఆ చార్టు అంతకు ముందు ఏడాది వేరే ఊళ్లో ఒకసారి అచ్చయింది. అందులో ఆరోగ్యమైన మొప్ప గడి ఇటుక రంగులో తేలింది. కైకలూరు అవతల గంగరాజు గారనే రైతు తన చేప మొప్ప దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది. సరిపోయింది కదా అని ఊరుకున్నాడు. నిజానికి ఆ మొప్పలు కాఫీ రంగుకు తిరుగుతున్నాయి. ఆ చెరువులో చేపలు ఆయనకు దక్కలేదు.

ఈ సంగతి సుజాత గారు మా ఆఫీసులో కూర్చుని దాచకుండా చెప్పారు.

"కాయితం మీద నా పేరుందండీ. ప్రెస్సోళ్ల తప్పని ఆయనకేం చెప్పమంటారు? రైతుల సంఘం వాళ్లు ఇంకొక్కసారి చూద్దావన్నారు. ఈసారీ తేడా వస్తే ఆ చుట్టుపక్కల నా మాట వినేవాళ్లుండరండి. వినకపోతే నాకేం పర్లేదు, చేపలకి మందెవరు చెప్తారు?"

ఆవిడ ఒక షరతు కూడా పెట్టారు. అచ్చయ్యాక ఒక కాగితం ముందు గంగరాజు గారి గట్టు మీద పరీక్షకు వెళ్లాలి. ఆయన ఒప్పుకున్నాకే కట్టలు ప్రెస్సు గడప దాటాలి. ప్రెస్సులో ప్రూఫు చూసి సంతకం పెట్టించుకోవడమే మా ఆనవాయితీ. ఇదేం చాదస్తమని భాస్కరరావు గారు పెదవి విరిచారు గానీ, ఒప్పుకున్నారు.

మానిటరు కోసం ముగ్గురం విజయవాడ వెళ్లాం. సుజాత గారి చేతిలో చేప పిల్లల్ని లారీల్లో పంపే ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో బతికున్న శీలావతి చేప. తెల్లారగానే ఆకివీడులో దాని మొప్ప ఫొటో తీసి, ఆ ఫొటోనూ ఆ చేపనూ వెంట తెచ్చారు. షోరూము కుర్రాడు సంచి చూసి ముక్కున వేలేసుకున్నాడు. "మేడమ్, ఇది ఎలక్ట్రానిక్స్ షాపండీ" అన్నాడు. "తెలుసండీ, దీనికే చూపించాలి" అన్నారావిడ.

అక్కడ వరసగా పెట్టిన తెరలన్నీ పోటీలు పడి మెరుస్తున్నాయి. భాస్కరరావు గారు వాటిలో అన్నిటికన్నా వెలుగున్న దాని ముందు నిలబడిపోయారు. కొనేవాణ్ణి ఆకట్టుకోవడానికి షోరూముల్లో వెలుగూ రంగూ పెంచి పెడతారు. ఆ హంగంతా తీసేయించి నా పద్ధతిలో చూడటం మొదలుపెట్టాను. ముందు నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉండే బూడిద రంగు పట్టీ పెట్టించాను. అందులో ఎక్కడా గులాబీ ఛాయగానీ పచ్చ ఛాయగానీ తొంగిచూడకూడదు. తర్వాత మొప్ప ఫొటో పెట్టించి కూర్చుని చూశాను, లేచి చూశాను, పక్కకు జరిగి చూశాను. చౌకరకం పలక తెరలు మనిషి కదిలితే రంగు మార్చేస్తాయి. ఆయన ముచ్చటపడిన మానిటరులో నేను లేచేసరికి మొప్ప నల్లబడింది, కూర్చునేసరికి తెల్లబడింది. ఆఖరున ఫొటోను అసలు పరిమాణంలో తెరిచి, మొప్పలో దువ్వెన పళ్లలా ఉండే ఎర్రటి పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయా అని చూశాను. చుక్కలు, అంటే పిక్సెల్స్, తక్కువున్న తెర వాటిని ముద్ద చేసేస్తుంది.

నేను ఎంచింది మూలన ఉన్న మానిటరు. దాని మీద మెరుపే లేదు.

"ఇదేంటండీ, మరీ చామనఛాయగా ఉంది" అన్నారు భాస్కరరావు గారు.

సుజాత గారు దాన్ని అద్దాల తలుపు దగ్గరికి, పగటి వెలుతురులోకి జరిపించారు. సంచి విప్పి చేపను తడిచేత్తో పట్టుకుని మొప్ప మూత ఎత్తి తెర పక్కన పెట్టారు. చేతిలో ఉన్నదీ తెర మీద ఉన్నదీ ఒకటే ఎరుపు. మెరిసే తెర మీద అదే ఫొటో కుంకుమ నీళ్లలా ఉంది. ముప్పై ఏళ్ల వృత్తిలో మానిటరు పరీక్షలు చాలా చూశానుగానీ, ఇంత తేటగా తేల్చేసింది ఇంకొకటి లేదు. భాస్కరరావు గారు ఆ చామనఛాయ మానిటరే ప్యాక్ చేయమన్నారు. చేప మళ్లీ సంచిలోకి వెళ్లింది, బతికే ఆకివీడు చేరింది.

దాంతోపాటు క్యాలిబ్రేటరు కూడా కొన్నాం. అది అరచేతిలో పట్టే చిన్న పరికరం. తెరకు ఆనించి వేలాడదీస్తే, తెర చూపే ఒక్కో రంగునూ కొలిచి, ఎక్కడ తప్పుతోందో కంప్యూటరుకు చెప్పి సరిచేయిస్తుంది.

మానిటరు వచ్చిన సంబరంలో భాస్కరరావు గారు దానికి ప్రత్యేకంగా ఒక గది కేటాయించారు. ఉత్తరం వైపు గది. ఆ దిక్కుకు ఆకుపచ్చ మంచిదని వాస్తు చూసేవారెవరో చెప్పారట. గోడలు నాలుగూ చిలకపచ్చ ఎనామిల్‌తో నిగనిగలాడించి, కొబ్బరికాయ కొట్టించి, మానిటరు అంచుకు కుంకుమ బొట్టు పెట్టించి నన్ను లోపలికి పిలిచారు. కొత్త యంత్రం వస్తే గదిని ముస్తాబు చేయడం మా ప్రాంతపు ప్రెస్సుల్లో మామూలే. ఆయన మొహంలో ఆ ఆనందం చూసి నాకూ ముచ్చటేసింది. పరికరం తెరకు ఆనించి కొలిచాను. అంతా సవ్యంగా ఉందంది. అది తెరను కరుచుకుని ఉంటుంది కాబట్టి తెరనే చూస్తుంది, గోడల్ని చూడదు.

సుజాత గారూ నేనూ ఆ గదిలో కూర్చుని ఫొటోలు సరిచేశాం. కాసేపయ్యాక ఆవిడ, "ఎరుపు కాస్త ఎక్కువైనట్టుందండీ" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అంకెలు మాత్రం సరిగ్గానే ఉన్నాయంటున్నాయి. పాత మానిటరయితే అంకెల్నే నమ్మేవాళ్లం. ఇంత మంచి తెర ఎదురుగా పెట్టుకుని అంకెల మాటేం వింటాం? ఎరుపుకు ఆధారమైన గులాబీ సిరా, అంటే మెజెంటా, ప్రతి గడిలోనూ తగ్గించాం. ప్రూఫు కూడా ఆ గదిలోనే చూశాం. తెరను చూసిన కళ్లే దాన్నీ చూశాయి, బాగుందన్నాయి. ప్లేట్లు చేయించి అచ్చు వేసేశాం.

మాట ప్రకారం మొదటి కాగితం పట్టుకుని ముగ్గురం గంగరాజు గారి చెరువుకు వెళ్లాం. కొల్లేటి వైపు నుంచి గాలి తోలుతోంది. ఆయన మర్యాదగా పలకరించి మంచినీళ్లిచ్చాడు గానీ, చార్టు వైపు చూడలేదు. సుజాత గారు బకెట్లో ఒక చేప తెచ్చారు. రక్తం తగ్గిందని ల్యాబులో తేలిన చేప అది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"పోల్చి చూడండి గంగరాజు గారూ. నేనేం మాటాడను."

ఆయన మొప్ప ఎత్తి, చార్టు మీద గడులన్నీ వెతికి, మొదటి గడి దగ్గర ఆపాడు. అది ఆరోగ్యం గడి.

"ఇది బానే ఉన్నట్టుందండీ" అన్నాడు. చేపను బకెట్లో వదులుతూ, "నిరుడూ ఇలాగే సరిపోయిందండి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

ఆ ఎండలో కాగితం చూస్తే నాకే తెలిసిపోతోంది, గడులన్నీ వెలిసిపోయి ఉన్నాయి. భాస్కరరావు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. సుజాత గారు మాత్రం తడబడలేదు. "మీరు చూసింది రైటేనండీ. కాయితమే తప్పు. ఇది జబ్బు చేప. మళ్లీ వస్తాం, మళ్లీ మీరే చూడాలి" అన్నారు. ఆయన కాగితం తిరిగి ఆవిడ చేతిలో పెట్టి, "రండి" అన్నాడు. పరువు పోయిన చోటే నిలబడి మళ్లీ వస్తామని చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు పక్కనే ఉండి చూశాను. అంత ధైర్యం నాకైతే లేదు.

తిరిగొచ్చి ఎండలోంచి నేరుగా ఆ గదిలోకి వెళ్లి ఫొటో తెరిచాను. తెర మీద కూడా వెలిసిపోయే ఉంది. ఇంత తేలిగ్గా కనబడేది అప్పుడెందుకు కనబడలేదా అని కుర్చీలో కూలబడ్డాను. చూస్తూ ఉండగానే మొప్పకు రంగు రావడం మొదలైంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, అయినా కాసేపటికి నిండు ఎరుపైంది. బయటికెళ్లి ఎండలో నిలబడి మళ్లీ వచ్చాను. మళ్లీ వెలవెల. కూర్చున్నాను. మళ్లీ ఎరుపు. అప్పుడు తలెత్తి గోడల వైపు చూశాను. చుట్టూ పచ్చదనం ముంచెత్తితే కన్ను పచ్చకు అలవాటు పడిపోయి, మిగతా వాటిలో ఎరుపును ఎక్కువ చేసి చూపిస్తుంది. మానిటరు అబద్ధం చెప్పలేదు. గోడలు మా కళ్లచేత చెప్పించాయి.

భాస్కరరావు గారిని పిలిచి అదే కుర్చీలో కూర్చోబెట్టి ఇదంతా చూపించాను. ఆయన రెండుసార్లు బయటికీ లోపలికీ తిరిగారు. "ఏవండీ, అయితే ఏం రంగెయ్యాలి?" అన్నారు. బూడిద రంగు, అదీ మెరుపు లేనిది అన్నాను. "కొత్త గదికి బూడిదేంటండీ బాబూ!" అని తల పట్టుకున్నారు. మర్నాటికల్లా మనుషుల్ని పెట్టించి ఎనామిల్ గీకించేశారు. నాకు ఆయన మీద గౌరవం కలిగించింది మాత్రం ఇంకోటి. అచ్చయిన కాగితాలు ఒక్కటి కూడా బయటికి పోకూడదని, తానే కటింగ్ మెషిను దగ్గర నిలబడి గడులన్నీ అడ్డంగా కోయించారు. చిత్తుగా అమ్మితే ఏ బజ్జీల బండి మీదో ఒక గడి మిగులుతుందని, దాన్ని ఏ రైతైనా చూస్తాడేమోనని ఆయన భయం.

బూడిద గోడల మధ్య, కిటికీకి మందపాటి తెర వేసి, మానిటరుకు నల్ల అట్టతో గొడుగు కట్టి, ఫొటోలు మొదటి నుంచీ మళ్లీ చేశాం. ఈసారి అంకెలూ కళ్లూ ఒకే మాట చెప్పాయి. ప్రూఫును మాత్రం వరండాలోకి తీసుకెళ్లి చూశాం.

రెండోసారి గట్టు మీదికి సుజాత గారు చాలా చేపలు తెచ్చారు, మంచివీ చెడ్డవీ కలిపి. గంగరాజు గారు ఒక్కొక్కటే తీసి పోల్చాడు. రక్తం తగ్గినదాన్ని రెండో గడి దగ్గర ఆపి, "దీనికి బాలేదండి" అన్నాడు. మంచివాటిని మొదటి గడి దగ్గర పెట్టాడు. బకెట్ ఖాళీ అయ్యాక కూడా చార్టు కింద పెట్టలేదు. చివరనున్న కాఫీ రంగు గడి మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

"నిరుడు నాయి ఇయ్యేనండి" అన్నాడు.

సుజాత గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ వాటిని తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. ఆయన చార్టు మడవకుండా రెండు చేతులా పట్టుకెళ్లి మోటారు షెడ్డులో తలుపు పక్కన మేకు కొట్టి తగిలించాడు. కట్టలు ఆ సాయంత్రమే ప్రెస్సు గడప దాటాయి.

నేను రిటైరయ్యాక కూడా, డిజైనింగ్ నేర్చుకునే వాళ్లు ఏ మానిటరు కొనమంటారని నన్ను అడుగుతుంటారు. చుక్కలు ఎక్కువున్నది, కోణం మారినా రంగు మారనిది, షోరూములో చామనఛాయగా కనిపించేది కొనమంటాను. దానికన్నా ముందు మీ గది గోడలు ఏ రంగో చెప్పమంటాను. పని పూర్తయ్యాక ఎవరికి చూపించాలని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి సుజాత గారి దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. మనమంటే గిట్టేవాళ్లకు కాదు, మన వల్ల ఒకసారి దెబ్బతిన్న మనిషికి ముందు చూపించాలి.