అంచులు లేని లెక్క

ఎండుమిర్చిలోంచి రంగు వెలిసిన తాలుకాయలను ఏరే యంత్రాలకు కెమెరా లెన్సులు డిజైన్ చేసేవాళ్లం. మా సీనియర్ గారు సాఫ్ట్‌వేర్‌లో ఆప్టిమైజ్ బటన్ నొక్కి, లెన్సు దోషం చూపే అంకె తగ్గుతుంటే మీసం దువ్వుకునేవారు. తగ్గకపోతే, అడ్డొచ్చిన షరతును తీసేసేవారు.

చిలకలూరిపేట మిల్లు కోసం చేసిన లెన్సులో అంచుల దగ్గర బొమ్మ మసకబారింది. ఆయన లెక్కలోంచి అంచులనే తొలగించారు. దోషం అంకె చటుక్కున తగ్గిపోయింది.

"డిజైనంటే ఇదీ తమ్ముడూ!"

"అంచుల్లో కూడా కాయలు పడతాయి కదండీ?"

"పడవులే."

పడ్డాయి. మేమిద్దరం మిల్లుకెళ్లి యంత్రం నడిపిస్తే, మధ్య వరస శుభ్రంగా వచ్చింది. రెండు పక్కలా తాలు మంచికాయల్లోనే ఉండిపోయింది. ఆ సరుకు సాయంత్రం లారీ ఎక్కాలి; తాలు కనిపిస్తే కొన్నవాళ్లు మొత్తం తిప్పి పంపుతారు.

"ఏంటండీ ఇది?" అన్నాడు మిల్లు యజమాని.

"కాయలన్నీ మధ్యలోనే పడేట్టు పోయించండి," అన్నారు మా సీనియర్.

యజమాని రెండు పీటలు తెచ్చి యంత్రానికి అటొకటి, ఇటొకటి వేశాడు. "మధ్యలో మీ మిషను ఏరుద్ది. అంచులు మీరిద్దరూ ఏరండి."

సాయంత్రం దాకా తుమ్ముతూ ఏరాం. లారీ కదిలాక, మా సీనియర్ కళ్లు తుడుచుకుంటూ యజమాని దగ్గరికి వెళ్లారు.

"మిషను బాగా పనిచేసిందని ఒక ముక్క రాసిస్తారాండీ?"