‘ఏరు’లో ఒక్క పేరు

మా యూనిక్స్ మాస్టారు పోయారు. బుధవారం పొద్దున నేను కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో మిర్చి బస్తాల ఫైలు చూసుకుంటూ ఉండగా దర్శి నుంచి ఆయన పాత విద్యార్థిని ఫోన్ చేసింది.

"అక్కా, మాస్టారు లేరంట. హైదరాబాదులో ఆఫీసుకి బయల్దేరుతూ పడిపోయారంట. వాళ్ళ సొంతూరు అద్దంకి తీసుకొస్తున్నారు" అంది.

ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదు. ముందు కోపమే వచ్చింది. నాకు జవాబు చెప్పకుండా ఎలా వెళ్ళిపోతారు? అప్పుడు నా కంప్యూటర్ తెర మీద నడుస్తున్నది ‘ఏరు’ అనే చిన్న ప్రోగ్రాం. అది ఆయన ఒక్కరే రాశారని వాడేవాళ్ళందరి నమ్మకం.

తొంభైల చివర గుంటూరులోని ఒక కంప్యూటర్ సెంటర్లో ఆయన యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద పాఠాలు చెప్పేవారు. మాలో ఎక్కువమంది పత్తి, మిర్చి పండించే ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం, తెలుగు మీడియం వాళ్ళం. ఎవరైనా తప్పు చేస్తే ఆయన వెనక నిలబడి అరిచేవారు కాదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. మన కీబోర్డు మాత్రం ముట్టుకునేవారు కాదు. "తెర మీదున్నది చదువమ్మా, నీ బుర్రలో ఉన్నది కాదు" అనేవారు. ఆ మాట ఇప్పటికీ నాకు రోజూ పనికొస్తుంది.

కోర్సు అయ్యాక నన్ను అక్కడే ల్యాబులో పనిచేయమన్నారు. నాన్న వద్దన్నారు. మాస్టారు స్కూటరు మీద పెదకాకాని మా ఇంటికి వచ్చారు. నాన్న అప్పుడే చేలో పత్తికి మందు కొట్టి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు.

"మీ అమ్మాయికి ఈ పని బాగా పట్టుబడిందండీ. మానిపించకండి" అన్నారు మాస్టారు.

"ఆడపిల్ల, రోజూ బస్సెక్కి పోయి రావడమంటే ఎట్లాగండీ?"

"నేనున్నానుగా. తన బాధ్యత నాది."

నాన్న ఒప్పుకున్నారు. ఆ మాట నాన్న కంటే నేనే ఎక్కువ నమ్మాను.

యూనిక్స్‌లో పెద్ద పనిని చిన్న చిన్న ప్రోగ్రాములకు పంచుతారు. ఒకటి వదిలిన అక్షరాలను ఇంకొకటి అందుకుంటుంది. మధ్యలో ఒక నిలువు గీత గొట్టంలా పనిచేస్తుంది. ఆ పనులకు ఉన్న కమాండ్లు గట్టివే, కానీ వాటి నిండా కొటేషన్లు, డాలరు గుర్తులు, మెలికల బ్రాకెట్లు. ఒకరోజు, ఇప్పుడు నాకు ఫోన్ చేసిన ఆ దర్శి అమ్మాయే మిర్చి ధరల ఫైల్లోంచి ఒక్క నిలువు వరస బయటికి తీయలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ అడిగాను. "సార్, ధర కావాలంటే ధర అని అడిగితే చాలదా? అది ఎన్నో వరసో మనం లెక్కపెట్టుకోవడం ఎందుకు?"

"ధర ఎక్కడుందో దానికెలా తెలుస్తుందమ్మా?"

"మొదటి లైన్లో శీర్షికలు ఉంటాయిగా. అవి చదువుకోమందాం."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఆ ముక్క నువ్వు రాయి. మిగతాది నేను చూస్తా."

ఫైలును చదివి ముక్కలు చేసే భాగం ఆయన రాశారు. శీర్షికలు గుర్తించి, పేరు చెబితే ఆ వరసను పట్టుకొచ్చే భాగం నేను రాశాను. మిర్చి కల్లాల్లో పాడైన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య పెరిగినదాన్ని, దానికి ‘ఏరు’ అని పేరు పెట్టింది కూడా నేనే. ఇంగ్లీషు అక్షరాల్లో ఏరు అని కొట్టి, పక్కన రకం, ధర అని కొడితే ఆ రెండు వరసలే తెర మీదకి వచ్చేవి. దర్శి అమ్మాయి మొదటిసారి కొట్టి చూసి, "ఇంతేనా అక్కా?" అంది. మాస్టారు నావైపు తిరిగి నవ్వారు. ఉద్యోగంలో అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

కొన్నాళ్ళకు హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. మాస్టారు ‘ఏరు’ నడిపి చూపించారు. వాళ్ళకు బాగా నచ్చింది. వాళ్ళలో ఒకాయన నన్ను చూసి, "ఈవిడ?" అన్నారు.

"మా ల్యాబు అమ్మాయండీ. టైపింగ్ అదీ చూసుకుంటుంది" అన్నారు మాస్టారు. గొంతులో తడబాటు లేదు.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "ఏంటి సార్ అలా అన్నారు?"

ఆయన బోర్డు తుడవడం మొదలుపెట్టారు. "ఇద్దరం రాశామంటే ఎవరెంత రాశారని అడుగుతారమ్మా. ఒక్క పేరైతే తేలిక. నేను అక్కడ కుదురుకున్నాక నిన్నూ పిలుస్తాగా."

"నా పేరు చెబితే మీకేం తగ్గేది సార్?"

బోర్డు మీద ఏమీ మిగల్లేదు. అయినా తుడుస్తూనే ఉన్నారు.

తర్వాత ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చి ఆయన హైదరాబాదు వెళ్ళిపోయారు. నన్ను పిలవలేదు. ‘ఏరు’ను ఇంటర్నెట్‌లో పెట్టారని తెలిసి వెతికి చూశాను. రాసినవారు అన్నచోట ఆయన ఒక్క పేరే ఉంది. మాస్టారు ఎట్లా ఉన్నారని నాన్న అడుగుతుండేవారు. బాగున్నారంట అనేదాన్ని. మా గుమ్మంలో నిలబడి బాధ్యత నాది అన్న మనిషి గురించి అంతకంటే ఏం చెప్పను?

చాలాకాలానికి ఒకసారి ఆయనే ఫోన్ చేశారు. "శీర్షికలో రెండు మాటలుంటే వరస తప్పుతోందమ్మా. నువ్వు రాసిన ముక్క కదా, నీకైతేనే తెలుస్తుంది" అన్నారు.

పెట్టేద్దామనుకున్నాను. కానీ అది నా ముక్క. తప్పుగా నడుస్తోందని తెలిశాక ఊరుకోలేకపోయాను. ఏ లైను మార్చాలో చెప్పాను. "నీ బుర్ర బంగారం అమ్మా" అన్నారు. కొత్త వెర్షన్ వచ్చింది. అందులో ఆ తప్పు పోయింది, నా పేరు రాలేదు. మొదటిసారి ఉద్యోగం చేజారుతుందని భయపడి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. రెండోసారి ఆయనకు ఏ భయమూ లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె మండుతుంది.

అయినా అద్దంకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. నాకు అన్నం పెడుతున్న విద్య ఆయన పక్కన కూర్చుని నేర్పిందే.

వసారాలో పడుకోబెట్టారు. కళ్ళద్దాలు లేని ముఖం నాకు కొత్తగా ఉంది. ఆయన భార్యను చూడటం అదే మొదటిసారి. గుంటూరులో మాస్టారి దగ్గర పనిచేసిన అమ్మాయి అని ఎవరో నన్ను చూపించి ఆవిడకు చెప్పారు. ఆవిడ తలెత్తారు.

"టైపింగ్ చేసిపెట్టేదంట, ఆ అమ్మాయివేనా? చెయ్యి మహా చురుకని చెబుతుండేవారు."

ఇంట్లో కూడా అదే చెప్పారన్నమాట. చుట్టూ జనం. ఆవిడ దుఃఖంలో ఉన్నారు. తల ఊపి ఊరుకుందామనే అనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"టైపింగ్ కాదండీ. ‘ఏరు’ మేమిద్దరం కలిసి రాశాం" అన్నాను.

ఆవిడ ఆయన ముఖంలోకి చూశారు. ఆయన్ని ఏదో అడగబోయినట్టు పెదవులు కదిలాయి. తర్వాత పక్కకు జరిగి, చాప మీద చోటు చూపించారు.

"ఇట్లా వచ్చి కూర్చో అమ్మా" అన్నారు.

ఆయన్ని తీసుకెళ్ళేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఏడుపు అప్పుడు వచ్చింది. అందులో ఆయన కోసం ఎంతో, నా కోసం ఎంతో నాకు తెలియదు.

తిరుగుప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నాను. పత్తి లోడుతో లారీలు పోయే దారి అది. రోడ్డు పొడుగునా వంగి ఉన్న తుమ్మకొమ్మలకు లోడు రాసుకుని, ముళ్ళకు తెల్లటి పత్తి పోగులు పట్టుకుని ఉన్నాయి. ఏ చేను పత్తో, ఎవరు తీసిన పత్తో. బస్సు గాలికి అవి ఊగుతూ, ఎండ తగ్గేదాకా తెల్లగా కనబడుతూనే ఉన్నాయి.