మునిరత్నం చిటికెన వేలు

2011వ సంవత్సరం. తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం బజారువీధిలో నేను క్లినిక్ తెరిచి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఎన్నికల రోజులు కావడంతో ఎదురుగోడ సగం ఉదయసూర్యుడి గుర్తుకి, సగం రెండాకుల గుర్తుకి రిజర్వయి ఉండేది. నా బెంచీ మీద మాత్రం రెండు పార్టీల వాళ్ళూ ఒకే జ్వరంతో పక్కపక్కన కూర్చునేవాళ్ళు.

ఆ ఏడే కుటుంబ వైద్యుల సంఘం వాళ్ళు నన్ను కలిశారు. ఫ్యామిలీ మెడిసిన్ అంటే పసిపాప దగ్గు నుంచి ముసలాయన మోకాలి దాకా ఇంటిల్లిపాదినీ చూసే వైద్యం. అందులో శిక్షణ పొందే డాక్టర్లను వారానికి రెండు రోజులు మాలాంటి పాత క్లినిక్కుల్లో కూర్చోబెడతారట. ఒప్పుకున్నాను. సేవాభావంతో అని రాసుకోవాలని ఉంది గాని, నిజానికి 'శిక్షకుడు' అన్న సర్టిఫికెట్ ఒకటి గోడకు తగిలించుకోవచ్చని ఒప్పుకున్నాను.

అలా వచ్చింది డాక్టర్ మాలతి. మా ఊరి మగ్గాల వీధి పిల్లే, వాళ్ళ నాన్న నేతపని చేస్తాడు. మొదటి రోజు నుంచే ఆమెను చూస్తే నాకు కుళ్ళు. సందేహం వస్తే ఫోన్ చేయడానికి సంఘం ఆమెకొక సీనియర్‌ను ఇచ్చింది. నెలకోసారి వేలూరులో మీటింగు. కుర్ర డాక్టర్లు తమ కేసులు చెబుతుంటే పెద్దవాళ్ళు ఓపిగ్గా విని దిద్దుతారు. పుస్తకాలు పోస్టులో ఇంటికొస్తాయి. పరీక్ష దగ్గర పడితే సంఘమే కూర్చోబెట్టి సాధన చేయిస్తుంది. నా రోజుల్లో నాకెవరున్నారు? రోగిని బస్సెక్కించుకుని పోయి, ఏదో ఒక ఆసుపత్రి వరండాలో నిలబడి, నాకంటే చిన్నవాడి చేత "ఈ మాత్రం తెలీదా" అనిపించుకుని వచ్చేవాణ్ణి. రెండుసార్లు అలా జరిగాక నాకు సందేహాలు రావడమే మానేశాయి.

మునిరత్నం నా పాత పేషెంటు, లుంగీలు నేసేవాడు. నాలుగు నెలలుగా కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందని వస్తున్నాడు. మోచెయ్యి మగ్గానికి ఆనించి కూర్చోవడం వల్ల నరం నలిగిందనుకుని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడుస్తూ వచ్చాను. ఒకరోజు అతను వచ్చేసరికి మాలతి కూడా ఉంది.

"సూదులు పడతానే ఉండాయి డాక్టరప్పా. ఏలు మాత్రం నాది కాదన్నట్టు ఉండాది," అన్నాడు.

మాలతి కల్పించుకుంది. "పడుగు అతికేది నువ్వేనా అన్నా? అతుకు నిలస్తా ఉండాదా?"

నాకది డాక్టరు అడగాల్సిన ప్రశ్నలాగే తోచలేదు. మునిరత్నం మొహం మాత్రం మాడిపోయింది. "యాడ నిలస్తాదమ్మా! అతికింది అతికినట్టే ఊడొస్తా ఉండాది. ఇంట్లో ఆడమనిషే అతకతా ఉండాది. బయట ఎవురికీ చెప్పలా."

మగ్గం మీద నిలువుగా సాగదీసిన పాత పడుగు అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలుపుతారట. ముడి వెయ్యరు, బూడిద అద్దుకున్న బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నులుముతారు. మా ఇల్లు నిలబడిందే మా పెద్దవాళ్ళ లుంగీల వ్యాపారం మీద, అయినా ఈ సంగతి నాకు తెలియదు. మాలతి కట్టు కట్టే గాజుగుడ్డ అంచు నుంచి రెండు పోగులు లాగి అతని చేతికిచ్చింది. నులిమాడు, విడిపోయింది. మళ్ళీ నులిమాడు, మళ్ళీ విడిపోయింది. పట్టులో బలం లేదు.

ఆమె అతని మోచేతి వెనక తడిమి చూసింది. అక్కడి గాడిలో అల్నార్ నర్వ్ పోతుంది. చిటికెన వేలికి స్పర్శనూ, వేళ్ళ పట్టుకు బలాన్నీ ఇచ్చేది ఆ నరమే. అది తాడులా లావెక్కి ఉంది, నేనూ తడిమి చూశాను. చొక్కా విప్పమంది. వీపు మీద పాలిపోయిన మచ్చ ఒకటి. దూదితో తాకితే అతనికి తెలియడం లేదు. ఇన్ని నెలల్లో నేను సూది కోసం చొక్కాచెయ్యి పైకి మడిచానే గాని ఒక్కసారీ చొక్కా విప్పించలేదు.

అతన్ని బయట కూర్చోబెట్టి మాలతి మెల్లగా అంది. "కుష్టు అనిపిస్తా ఉండాది సార్. నరం దెబ్బతిని ఆర్నెల్లు దాటక ముందే మందు పడితే చెయ్యి తిరిగొచ్చే ఆశ ఎక్కువ. మీరు రిఫరల్ రాస్తే రేపే వేలూరు పంపిస్తా." రిఫరల్ అంటే పెద్ద డాక్టరుకు మేం రాసిచ్చే చీటీ. నా రోగిని నా సంతకం లేకుండా ఎక్కడికీ పంపకూడదని మా మధ్య ఒప్పందం.

నేను సంతకం పెట్టలేదు. "యాలమ్మా అంత తొందర? ఇంకో రెండు సూదులు చూద్దాం," అన్నాను. ఆమె చెప్పింది నిజమని, అదే నరం నా వేలికి తగిలిన క్షణంలోనే నాకు తెలుసు. కానీ ఈ కేసు వేలూరు మీటింగులో చెబుతుంది గదా! గుడియాత్తంలో ఒక సీనియర్ నాలుగు నెలలు బీకాంప్లెక్స్ ఇచ్చాడట అని హాలంతా వింటుంది గదా! ఇరవై మూడేళ్ళలో నేను చూడనిది, వచ్చి రెండు నెలలు కాని పిల్ల చూసింది. ఓర్వలేకపోయాను. ఇంకో మాట లేదు.

మరుసటి వారం ఆమె మళ్ళీ అడిగింది. చూద్దామన్నాను. ఆ పై వారమూ అంతే. మూడో వారం తన లాగ్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చూసిన కేసులన్నీ రాసి శిక్షకుడి చేత సంతకం పెట్టించుకునే పుస్తకం అది.

"దీంట్లో ఆ యన్న కేసు రాయలా సార్. మీటింగులో చెప్పను. మా సీనియర్‌కి కూడా చెప్పలా. మీరు కనిపెట్టినట్టే రాసుకోండి. చెయ్యి పోతే మగ్గం పోతాది సార్, ఆ ఇంట్లో ఇంకే పనీ తెలీదు."

అప్పటికప్పుడే చీటీ రాసిచ్చాను. సిగ్గుపడి రాశాననడం నిజమే గాని, ఆ సిగ్గులోనూ అసూయ ఉంది. చదువు సంఘం ఇచ్చింది, సరే. ఈ మనసు ఎవరిచ్చారు ఈ పిల్లకి?

వేలూరులో జబ్బు ఖాయం చేశారు. ఏడాదికి మాత్రలు, నరం వాపుకు వేరే మందు మొదలయ్యాయి. ఎనిమిది నెలల తర్వాత మునిరత్నం వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"ఇప్పుడు పడుగు నేనే అతకతా ఉండా డాక్టరప్పా. జబ్బు కనిపెట్టింది నువ్వేనని ఆ యమ్మ చెప్పినాది."

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాను. "కాదప్పా. కనిపెట్టింది ఆ యమ్మ. మూడు వారాలు ఆపింది నేను, ఆ పిల్ల మీది కుళ్ళుతో."



"కనిపెట్టింది ఎవురో నాకు తెలీదా నాయనా? మోచెయ్యి పట్టి చూసినప్పుడు నేను ఆడనే ఉండాను గదా," అన్నాడు. "ఆపింది మాత్రం నాకు తెలీదు."

లేచి వెళ్ళిపోయాడు. చాలా నెలలు మళ్ళీ నా క్లినిక్ గడప తొక్కలేదు.

డాక్టరుకు ఒక జబ్బు తెలియకపోవచ్చు, అది అడిగి దిద్దుకోగలిగేదే. పక్కవాళ్ళకు తెలిసినందుకు మనం ఏడిస్తే దాన్ని రోగి ఒళ్ళు మోస్తుంది. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. ఇప్పుడు సందేహం వస్తే మాలతికే ఫోన్ చేస్తాను. చేసిన ప్రతిసారీ కొంచెం కడుపు మండుతుంది, అయినా చేస్తాను.

మునిరత్నం పట్టు తిరిగొచ్చింది, చిటికెన వేలు మాత్రం ఈనాటికీ పూర్తిగా సాగదు. ఆ మూడు వారాల వల్లే అని ఎవరూ చెప్పలేరని వేలూరు డాక్టర్లన్నారు. వాటి వల్ల కాదని కూడా ఎవరూ చెప్పలేదు.