ఊడలు దిగిన చెవి

మా పాపకు రెండేళ్లు నిండేదాకా దానికి వినబడదంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. అందరికంటే మొండికేసింది మా నాయన. "గట్టు మింద ఎట్ల పరిగెత్తుతాందో సూడు. చెవులు బాగలేని బిడ్డ అట్ల పరిగెత్తుతాదా?" అని నన్నే కసిరేవాడు. నాకూ ఆ మాట తీసిపారేయబుద్ధి కాలేదు. మనం పడిపోకుండా నిలబెట్టేది కూడా చెవేనని కళ్యాణదుర్గం బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే కదా.

అనంతపురంలో చెవి డాక్టరమ్మ ఆ ముడి విప్పింది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే లోపలి చెవి కణాలు కొన్ని ప్రొటీన్లను వదులుతాయట. వాటిని పెరుగుదల కారకాలంటారు. నరాల పోగులు వాటివైపే సాగుతాయి, అందుకున్నవి బతుకుతాయి, అందుకోలేనివి ఎండిపోతాయి. ఒంటిని పడిపోకుండా నిలబెట్టే నరానికి ముఖ్యంగా ఒక కారకం, వినికిడి నరానికి మరొకటి. పాపకు మొదటి నరం బాగానే ఎదిగింది. రెండోది స్కానింగులో సన్నగా కనబడింది. ఆపరేషన్ చేసి లోపల పరికరం అమర్చినా, ఆ సన్న నరం పలుకుతుందో లేదో ముందే చెప్పలేమంది. ఆపరేషన్ అయ్యేదాకా తానిచ్చిన చెవి మిషను తీయొద్దని, శబ్దం అందుతూనే ఉండాలని మరీ మరీ చెప్పింది.

నేను ఏడవడం మానేసి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. ఆ చీకట్లో ఏ పోగు ఎటు పోవాలో దానికి ఎట్లా తెలుస్తుంది? కారకం చాలకపోయిందా, పోగే ఆలస్యంగా బయల్దేరిందా? నాకు భయమేస్తే నోరు ఊరుకోదు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. "సెనక్కాయ ఊడలు దిగినట్లే నాయనా. పువ్వు రాలినాంక ఊడ భూమిలోకి దిగుతాది కదా, నరం గూడా అట్లే. పాపకు సన్నంగా దిగినాది." నాయన "ఊఁ" అన్నాడు. ఆయనకు అర్థమైందని తెగ మురిసిపోయాను.

వారం తర్వాత బడి నుంచి ముందుగా వచ్చేసరికి చెవి మిషను గూట్లో ఉంది. టీవీ ఆపేసి ఉంది. వాకిట్లో ఎవరో గట్టిగా మాట్లాడుతుంటే నాయన చేయి ఊపి తరుముతున్నాడు. ఏమిటిదంటే గొంతు తగ్గించి అన్నాడు: "ఊడలు దిగేటప్పుడు చేన్లో గుంటక తోల్తారా యెవురన్నా? కదిలిస్తే తెగిపోవా?"

ఊడలు దిగే రోజుల్లో కలుపు తీసే గుంటకను చేను దరిదాపులకు రానివ్వని మనిషి, మనవరాలి చెవిలోకి శబ్దాన్ని రానివ్వలేదు. నాకు కోపం నెత్తికెక్కింది. ఆ ముఖం చూసి నవ్వూ వచ్చింది.

"దిగేదంతా నా కడుపులోనే అయిపోయినాది నాయనా. ఇది కాయ ఊరే కాలం. సద్దే దీనికి తడి. ఇప్పుడు అది అందకపోతే ఏమైతాది?"

తడి లేకుంటే కాయ లొట్టపోతుందని మా నాయనకు వివరించాల్సిన పని లేదు. లేచి ఆయనే మిషను తెచ్చి పాప చెవికి పెట్టాడు. ఆ రోజు నుంచి వాగుడే వాగుడు. వాన రాలేదని, పంది చేన్లో పడిందని, అన్నీ దానికే చెప్పేవాడు. పాప తల తిప్పేది కాదు. "అందుతాందంటావా?" అని నన్ను అడిగేవాడు.

ఆపరేషన్ అయ్యి, పరికరం ఆన్ చేసే రోజు నాయన కూడా వచ్చాడు. డాక్టరమ్మ తల ఊపగానే పాప వెనక నిలబడి "అమ్మీ" అని పిలిచాడు. అది ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తాత ముఖం చూసి బిగ్గరగా ఏడుపు అందుకుంది. కంగారుగా ఎత్తుకోబోతే నాయన నా చేయి పట్టుకుని ఆపాడు.

"ఏడ్సనీమ్మా," అన్నాడు తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ. "తడి అందినాది."