గట్టు దాటని నీళ్లు

పోయిన బుధవారం పొద్దున్నే మా అత్త చనిపోయింది. నేను ఆత్మకూరులో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ పోయింది, బయల్దేరు" అని మాత్రం అన్నాడు. ఉదయగిరి బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఆమెతో పోట్లాడినంతగా నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఆమె మీద ఉన్నంత గౌరవమూ ఇంకెవరి మీదా లేదు.

తొంభైలలో మా ఇంటి వెనక నిమ్మ మొక్కల నర్సరీ ఉండేది. ఇనప పైపుల మీద పాలిథిన్ షీటు కప్పిన గ్రీన్‌హౌస్, లోపల మట్టి సంచుల్లో మొక్కలు. అత్త ఆ సంచుల కింద కూడా షీటు పరిపించింది. మొక్కలు తాగగా మిగిలిన నీళ్లు దాని మీదుగా జారి బయట సిమెంటు తొట్టిలోకి చేరేవి. వాటిని ఇసకలో వడగట్టి మళ్లీ మొక్కలకే పోసేవాళ్లం. ఊళ్లో అందరూ దాన్ని పిసినారితనం అన్నారు. నేనూ అన్నాను.

"నీళ్లు మిగలాలని కాదు అమ్మాయ్. అవి ఎరువు కలిసిన నీళ్లు. మన గట్టు దాటితే కింద బావిలో కలుస్తాయి," అనేది. గట్టు కింద ఒక రైతు నిమ్మతోట, అందులోనే ఆయన బావి. ఆ ఇంటిల్లిపాదీ ఆ నీళ్లే తాగేవాళ్లు.

ఆదివారం చర్చికి బయల్దేరినా తొట్టిలోకి తొంగి చూడందే ఆమె చెప్పులు వేసుకునేది కాదు. అవతల పాటలు మొదలైపోతుంటే ఇవతల నాకు ఒళ్లు మండేది.

ఒక ఎండాకాలం ఒక వరసలో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. అత్త ఒక మొక్కను పీకింది. వేరు నల్లబడి, తోలు ఊడి చేతికొచ్చింది. వేరుకుళ్లు తెగులు. అది నీళ్లతో పాకుతుంది. ఆ వరసలో నీళ్లు తొట్టిలో కలిశాయి, ఆ తొట్టి నీళ్లే మేం అన్ని మొక్కలకూ పోశాం.

"తొట్టి తూము తీసేస్తా. చెడ్డనీళ్లు పోతే, బోరు నీళ్లు పట్టి మిగిలినవైనా కాపాడుకుందాం," అన్నాడు మా ఆయన.

అత్త తూముకు అడ్డం నిలబడింది. "తీసినావంటే తెగులు కింద తోటకి పోతాది. వాళ్లకి ఉండేది అదొక్కటే."

"మనకి మాత్రం ఏముండాది అత్తా?" అని అరిచాను.

"మనం మళ్లీ విత్తనం పెట్టుకుంటాం. వాళ్ల చెట్లు కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పట్టినాయి?"

పోస్తే మిగిలినవి మళ్లీ తొట్టిలోకే చేరతాయని మొక్కలకు నీళ్లు ఆపించేసింది. తొట్టిలో ఉన్నవి ఎండకు ఇగిరిపోతాయని ఆమె ఆశ. మొక్కలన్నీ మా కళ్లముందే ఎండిపోయాయి. ఇంట్లో ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం మానేశాం.

తొట్టి ఇగరకముందే ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఊరంతా సంతోషంగా వీధిలోకి వస్తే, అత్త ముఖం పాలిపోయింది. వాన దంచడం మొదలైంది. తొట్టి మీద షీటు కప్పితే గాలికి నిలవలేదు. నీళ్లు అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. చూస్తుండగానే బెత్తెడుకు వచ్చాయి. మా ఆయన పని మీద కొండాపురం పోయాడు. ఇంట్లో మేమిద్దరమే.

"ముంచు అమ్మాయ్," అంటూ బిందె అందుకుంది.

"ముంచి యాడ పోసేది?"

"లోపల సంచుల్లో. మట్టి ఎండిపోయి ఉండాది, తాగతాది."

ముంచుకొచ్చి పోశాం. చేతులు పడిపోతున్నా, తొట్టి వైపు చూడాలంటే భయమేసి, తల వంచుకునే మోశాను. ఇంతలో కింది తోట రైతు తలమీద గోనెసంచి వేసుకుని గట్టు మీదికొచ్చాడు.

"ఏందక్కా, ఇంత వానలో చచ్చిన మొక్కలకి నీళ్లు పోస్తా ఉండావు?" అని నవ్వాడు.

"నా మొక్కలు, నా ఇష్టంరా. నువ్వు పొయ్యి తోట చూసుకో," అంది అత్త.

ఆయన నవ్వుకుంటూనే వెళ్లిపోయాడు. ఉన్న సంగతి చెప్పేస్తానని నేను కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "చెప్తే ఆ బావి నీళ్లు తాగేటప్పుడంతా భయపడతాడు. పొంగలేదు గదా ఇంకా."

పొంగలేదు. ఆయనకు ఆమె ఏనాడూ చెప్పలేదు, మమ్మల్నీ చెప్పనివ్వలేదు. ఆయన మాత్రం ఆ కథ ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

ఇప్పుడు అత్త అనుకోగానే నాకు కనబడేది ఆ మధ్యాహ్నమే. బయట జోరు వాన. కప్పు కింద ఆమె తడిసిన చీరతో, ఎండు పుల్లల్లా నిలబడ్డ మొక్కల దగ్గర ఒక్కోచోటా వంగి, మొదలు చుట్టూ మట్టి చెదరకుండా, నెమ్మదిగా బిందె వంచుతూ ఉంది.