సీడీ పట్టని ఆటపెట్టె

మా ఆయన ఎల్లాజీ చెడ్డవాడు కాదు. ఎవరి జోలికీ పోడు. ఎదురింటివాళ్ళు మేడ కట్టుకుంటుంటే వెళ్ళి ఇటుకలు అందించి వచ్చిన మనిషి. ఆయన కుళ్ళంతా ఒక్కడి మీదే. ఆ ఒక్కడూ నా తమ్ముడు గిరిబాబు కావడం నా ఖర్మ.

గరివిడిలో మాది ఒక వీధి, గిరిది మా పెరటి గోడ అవతల వీధి. మా ఆయన ఫెర్రో ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. కొలిమి దగ్గర కరిగిన లోహంతో నిండిన పాత్రను ఎత్తి, చుక్క తొణక్కుండా అవతల దించడం ఆయన పని. కొత్తగా చేరినవాళ్ళను ఆయన పక్కన నిలబెట్టి ఆ చేతులు చూడమంటారట. గిరి రైల్వే స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. వాడికింకా పెళ్ళి కాలేదు. మా కూతురు అరుణశ్రీ అంటే వాడికి ప్రాణం, దానికీ వాడంటే ప్రాణం. గొడవంతా అక్కడే వచ్చింది.

ఈ ఏడుపు ఎప్పుడు మొదలైందో నాకు బాగా తెలుసు. పిల్లకు చెవులు కుట్టించిన రోజున. మాలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే కుట్టిస్తారు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే మా ఆయన చూడలేక దాన్ని ఎత్తుకోబోయాడు. మా అత్త సీతమ్మ కసిరింది.

"నువ్వు కాదురా, మేనమావ ఒళ్ళోనే ఉండాల. జరుగు."

పిల్ల గిరి మెడ కరుచుకుని వాడి భుజం మీదే నిద్రపోయింది. ఆ పూట మా ఆయన భోజనం సగంలోనే లేచిపోయాడు. తొమ్మిదేళ్ళయింది, ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు.

రెండేళ్ళ కిందట గిరి వీడియో గేమ్ కొన్నాడు. టీవీకి తగిలించి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడుకునేది. ఇక చూసుకోండి. బడి నుంచి రాగానే సంచి గుమ్మంలో పడేసి అరుణ ఆ వీధికి పరుగు. పండగకో, పుట్టినరోజుకో మేనమామ కానుక అంటే ఒక కొత్త సీడీ. ఆరు పోగయ్యాయి. అవన్నీ బట్టల బీరువాలో కొత్త గౌన్ల మధ్య దాచుకునేది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతూనే "మా అమ్మలు ఏదే?" అనేవాడు. జవాబు నేను చెప్పనక్కరలేకుండా గోడ అవతల నుంచి దాని నవ్వు వినిపించేది. చేతిలో టీ చల్లారిపోతున్నా తాగేవాడు కాదు.

"ఆడికి పనీ పాటా నేదేటి? పిల్లని సెడగొడతన్నాడు" అన్నాడొకసారి.

నా తమ్ముణ్ణంటే నేనూరుకుంటానా. "నువ్వొక్క రోజైనా దానితో కూకుని ఆడేవేటి? ఊరికే ఆడి మీద పడి ఏడవడమే గానీ" అన్నాను.

ఆ మాట గట్టిగానే తగిలినట్టుంది. నాలుగు రోజుల తరవాత, బోనస్ వచ్చిన రోజున చెప్పాడు. "మనింటికీ ఒకటి తెస్తాను. అప్పుడింక అక్కడికెందుకెళ్తాదో సూస్తాను." ఆయనకు కావలసిందల్లా ఒకటే. సాయంత్రం తను వచ్చేసరికి కూతురు ఇంట్లో ఉండాలి, ఆ నవ్వు తన ఇంట్లో నవ్వాలి.

ఆదివారం విజయనగరం వెళ్ళాం. షాపు కుర్రాడు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి స్టాండర్డ్, ఒకటి ప్రీమియం. ప్రీమియం ధర దాదాపు ఒకటిన్నర రెట్లు. నేను స్టాండర్డ్ చాలన్నాను. మా ఆయన ఫోన్‌లో గిరి ఇంట్లో తీసిన ఫోటో వెతికి ఆ కుర్రాడికి చూపించి, "ఇది ఏ రకం?" అని అడిగాడు.

"ఇదిగో, ఈ స్టాండర్డేనండి" అన్నాడు అతను.

"అయితే రెండోదాని సంగతి సెప్పు."

"ప్రీమియంలో బొమ్మ ఇంకా బాగుంటుందండి. తలకు పెట్టుకుని వినడానికీ మాట్లాడడానికీ మైకు కూడా ఇస్తారు. కాకపోతే సీడీ పట్టదు. ఆటలన్నీ నెట్ నుంచే దించుకోవాలి. పాప దగ్గర సీడీలుంటే మాత్రం స్టాండర్డే మంచిది."

మా ఆయన ముందుకు వంగాడు. "అంటే బయటోడు సీడీ అట్టుకొచ్చినా ఇందులో దూరదన్నమాట."

"దూరదండి."

"ఎవుడు తెచ్చినా?"

"ఎవరు తెచ్చినా అంతేనండి" అన్నాడు కుర్రాడు అయోమయంగా.

ఆయన మొహం అంతగా వెలిగిపోవడం పెళ్ళినాడు కూడా చూడలేదు నేను. వస్తువులో లోపం ఉందని చెబితే సంబరపడి కొన్న మనిషిని ఆ షాపువాళ్ళు ఇంకొకణ్ణి చూసి ఉండరు. "మరి పిల్ల దగ్గరున్న ఆరు సీడీలూ ఏటి సేస్తావు?" అన్నాను. "ఆడివి ఆడింటికే పంపించీ" అన్నాడు.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు కథ. వైర్లు తగిలించాడు గానీ ఆ పెట్టె అకౌంటు అంది, పాస్‌వర్డ్ అంది, నెట్ అంది. మంటల మీంచి టన్నుల బరువు దాటించే చేతులు ఆ రిమోట్ లాంటి దాని మీద తడబడ్డాయి. "మావయ్యని పిలవనా నాన్నా?" అంది అరుణ. "ఒద్దు" అన్నాడు. రెండు రోజులు పెట్టె అలాగే పడి ఉంది, పిల్ల గోడ అవతలే ఉంది. మూడో రోజు తనే ఫోన్ చేశాడు, పళ్ళ బిగువున.

"ఒరే గిరీ, ఓపాలి రా."

గిరి వచ్చి, నేను టీ పెట్టేలోగా అంతా సరిచేసేశాడు. "మంచిదే కొన్నావు బావా. నాదానికన్నా బాగున్నాది" అన్నాడు. వాడి మనసులో ఏమీ లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ ఒక్క ముక్కకి మా ఆయన రోజంతా కాలరెగరేసుకుని తిరిగాడు.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చేసరికి పిల్ల ఇంట్లోనే ఉంది. "అమ్మలూ" అన్నాడు. అది తిరగలేదు. చెవులకు మైకు తగిలించుకుని టీవీ ముందు కూర్చుంది.

"గోడ దూకు మావయ్యా. ఎనకాల ఒకడున్నాడు, సూడు."

మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఎవరితోటే మాటలు?"

"మావయ్యతో. నిన్న నెట్‌లో కలిపీసి ఎళ్ళేడు కదా. మావయ్య ఆళ్ళింట్లో, నాను మనింట్లో."

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి తప్పుకున్నాను. కానీ వారం తిరిగేసరికి నాకు నవ్వు రావడం మానేసింది. ఆయన రోజూ కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చునేవాడు. అది పగలబడి నవ్వినప్పుడల్లా ఆయనా నవ్వబోయేవాడు, ఎందుకో తెలియక ఊరుకునేవాడు. "ముందే నయం. అప్పుడు ఇనపడీది గానీ కనపడీది కాదు" అన్నాడు నాతో.

అలాంటిది ఒక గురువారం అరుణ ఉన్నట్టుండి మైకు తీసి పక్కన పెట్టింది. "రా నాన్నా, ఓ ఆట ఆడు" అంది. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని మరీ కూర్చున్నాడు. వంతెన మీంచి మూడుసార్లు పడ్డాడు. అది ఆయన వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి చూపించింది, పడిపడి నవ్వింది. మర్నాడు పాలు పోసే దాలయ్యకు కూడా చెప్పాడు, మా అమ్మలు నాకు ఆట నేర్పుతోందని. "సూసేవా? ఆడి పేరే ఎత్తనేదు నిన్న" అన్నాడు నాతో.

ఆ సాయంత్రం అరుణ ఆట మధ్యలో నీళ్ళు తాగడానికి లేచింది. మైకు నేల మీద పెట్టి వెళ్ళింది. ఆయన దాన్ని సరదాగా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. గిరి గొంతు నాకూ వినిపించింది.

"అమ్మలూ, నిన్న నాన్నతో ఆడేవా, నాను సెప్పినట్టు? ఇవాళా ఓ ఆట ఆడు. రోజూ పక్కన ఊరికే కూకుంటన్నాడన్నావు, పాపం. నువ్వే పిలిసినట్టు పిలు. మావయ్య సెప్పేడని మాత్రం అనకు."

ఆయన మైకు మెల్లిగా ఉన్నచోటే పెట్టేశాడు. పెట్టెను నేలకేసి కొడతాడేమోనని నాకు భయం వేసింది. తొమ్మిదేళ్ళుగా ఎవడి మీద ఏడుస్తున్నాడో వాడి చేతే పాపం అనిపించుకోవడం ఎంత కష్టమో ఆయన మొహంలో చూశాను. నా తమ్ముడి మంచితనం మీద నాకే ఒళ్ళు మండింది ఆ క్షణంలో.

అరుణ మూతి తుడుచుకుంటూ వచ్చింది. మైకు చెవికి పెట్టుకుని ఏదో విని, తీసేసింది.

"రా నాన్నా, ఓ ఆట ఆడు" అంది, అచ్చం నిన్నటిలాగే.

ఎవరు పిలవమన్నారే అని అడుగుతాడనుకున్నాను. అడిగితే అది నిజం చెప్పేస్తుంది, దానికి అబద్ధం రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

కుర్చీ దిగి దాని పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఏ బొత్తం నొక్కాల?" అన్నాడు.